ఇంట్ల ఒక మనిషి

"ఇంట్ల ఒక మనిషుంటే తాళంతోని పనేందే?" అన్నడు మా ఆయన, అన్నంల చారు కలుపుకుంట.

ఆ పొద్దుగాల మా బజార్ల డప్పు సాటింపైంది. సిద్దిపేట అంత తిరిగి చెప్పుమని ఠాణా అమీను హుకుమట. లడాయి అయిపోయిందంటున్నరు గని అంగట్ల బట్ట లేదు, గ్యాసునూనె లేదు, కడుపునిండ గింజలు లేవు. ఊర్ల చోరీలు మోపైనయి. డప్పాయన మా అరుగు ముందట నిలబడి ఒక్కొక్క మాట సాగదీసి చెప్పిండు. దర్వాజలకు లోపట అడ్డగడె ఏసుకోవాలె. బాయి కాడ చేంతాడు, గోడకు నిచ్చెన ఇడిసిపెట్టొద్దు. ఇత్తడి సామాను వాకిట్ల ఉంచొద్దు. సొమ్ములు పెట్టుకొని ఒంటిగ తిరుగొద్దు. ఇల్లు ఒట్టిగ ఇడిసి యాడికీ పోవద్దు, ఎప్పటికీ ఇంట్ల ఒక మనిషి ఉండాలె. నేను దర్వాజ ఎనుక నిలబడి ఇన్న. ఆయన నన్ను చూడనే లేదు. గని 'ఒక మనిషి' అన్నప్పుడు నన్నే పేరు పెట్టి పిలిచినట్టైంది. జ్ఞానేశ్వరీ, అది నువ్వే అన్నట్టు.

మాది బట్టల దుకాణం. మా ఆయన బాలనర్సయ్య ఇంటికి పెద్దకొడుకు, దుకాణం ఆయన చూసేది. మా మరిది హరికిషన్ హైదరాబాదుకు, గజ్వేలుకు తిరిగి సరుకు తెచ్చేది. మామ లేడు. ఇల్లు మా అత్త విజయమ్మ చేతుల నడిచేది. మరిది పెండ్లాం, అంటే నా యారాలు, కన్యక. ఆమెది మిరుదొడ్డి. లేనోళ్ళ పిల్ల, అందం చూసి చేసుకున్నరు. గింతే మా ఇల్లు. ఈ ఇంట్ల డప్పాయన చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ దినమే అమలైనయి. అమలైనయంటే, అన్నీ నా పనులైనయి. నీళ్ళు తోడినంక చేంతాడు విప్పి చుట్టి లోపట పెట్టుడు నా పని. పొడుగు నిచ్చెన గోడ మీదికెంచి దించి కొట్టంలకు ఈడ్సుకొచ్చుడు నా పని. పనికొచ్చే బుచ్చవ్వ తోమి బోర్లేసిన బిందెలు, గంగాళం, తాంబాళాలు ఎండకు ఆరకముందే లోపటికి మోసుడు నా పని. ఎనుక దర్వాజ తెరిస్తే చప్పుడు కావాలని మా అత్త ఒక ఉపాయం చెప్పింది. చెంబుల మీద చెంబులు పేర్చి తలుపుకు ఆనిచ్చి పెట్టాలె. దొంగ తోస్తే అన్నీ పడి ఇల్లు లేస్తది. దినాం మాపటికి పేర్చుడు, పొద్దుగాల తీసుడు నా పని. ఒక్కపారి నా కాలు తాకి అన్నీ పడ్డయి. "దొంగ కంటె ముందు నువ్వే పడగొడ్తవా?" అన్నడు మా ఆయన. అందరు నవ్విన్రు. కన్యక సుత నవ్వింది. ఆ నవ్వు నాకు చానా దినాలు గుర్తుండె.

గివన్నీ చేయొచ్చు. చేతులున్నయి, చేస్త. ఇంట్ల ఒక మనిషి ఉండుడే నాతోని కాకపాయె. ఎవలి ఇంట్ల పెండ్లైనా, పేరంటమైనా, ఊరవతల వనభోజనమైనా, "పెద్దకోడలు ఇంట్ల ఉంటది" అని మా అత్త నన్ను అడుగకుంటనే చెప్పేది. ఒకనాడు కొండపాకల నా చిన్నప్పటి సోపతి బిడ్డ పెండ్లికి పోత అన్న. "పిల్లా జెల్లా లేనిదానివి, నీకేం తొందరే? నింపాదిగ ఇల్లు చూసుకో" అన్నది మా అత్త. పిల్లలు లేకుంటే కాళ్ళు సుత ఉండయేమో. మా ఆయన ఆ మాట ఇన్నడు. ఇని, చెప్పులేసుకొని దుకాణానికి పోయిండు.

నేను ఉంటున్నదానికి కన్యక పోవుడు తోడైంది. మా మరిది ఆ ఏడు మోటారు కొన్నడు. సికింద్రాబాదు లష్కర్ల ఉండే ఒక దొర విలాయతుకు పోవుకుంట అగ్గువకు అమ్మిండట. నల్లటి మోటారు, ఒక దిక్కు రంగు పోయింది. పెట్రోలు దొరుకుడు కష్టం, అందుకే అవుసరముంటేనే తీసేటోడు. తీసినప్పుడల్ల కన్యక అండ్ల ఉండేది. గజ్వేలుకు పోతే కన్యక, హైదరాబాదుకు పోతే కన్యక. "పెండ్లాన్ని ఇడిసి ఉండలేకపోతుండు" అని బజార్ల ఆడోళ్ళు నవ్వేటోళ్ళు. నేను సుత నవ్వేదాన్ని. నవ్వి లోపటికి వచ్చి పొయ్యి ముందట కూసుండేదాన్ని. పొయ్యిల మంటనే నయం, నీళ్ళు పోస్తే ఆరుతది.

ఆమె తిరిగొచ్చినప్పుడు ఆమె చీర పెట్రోలు వాసన, దుమ్ము వాసన వచ్చేది. ఆ చీర ఉతుకనీకె బుచ్చవ్వకు ఏసే ముందు నేను ముక్కు కాడ పెట్టుకునేదాన్ని. తొవ్వ వాసన అది. తొవ్వల యాడ మలుపున్నదో, యాడ వాగున్నదో, గజ్వేలు అంగట్ల కూరగాయల కుప్పలు ఎంతెంత ఎత్తున్నయో, అన్నీ ఆ చీరకు తెలుసు, నాకు తెల్వదు. నాకు నిద్రల సుత ఆమె మోటారు దిగుడు కండ్లబడేది. కుడికాలు ముందుగాల కింద పెట్టి, కుచ్చెళ్ళు దులుపుకొని, ఎటూ చూడకుంట సక్కగ లోపటికి నడిచేది. ఎంత పొగరు అనుకునేదాన్ని. హైదరాబాదు ఎట్లుంటది అని ఒక్కపారి అడిగిన. "ఉంటది తీ అక్కా" అన్నది. చెప్పనీకె సుత మనసొస్తలేదు, తనొక్కతే దాచుకుంటుందనుకున్న. ఒకపారి నాకోసం లాడుబజారు గాజులు తెచ్చింది. తొడుక్కున్న, మంచిగున్నయన్న. మూడోనాడు రోటి కాడ ఒక గాజు పగిలింది. నాకు బాధ కాలె. ఇంకా రెండు పగిలితే మంచిగుండు అనిపించింది. ఇచ్చినోళ్ళ మీద గింత మంట ఎట్ల పుడ్తదో నాకే సమజు కాకపోయేది.

నాకు ఆమె ముందట ఒక్కటే గొప్ప ఉండె. తాళాల గుత్తి నా నడుముకుండేది. సందుగు తాళం, సామాను అర్ర తాళం, గల్లా పెట్టె రెండో తాళం. మా అత్తకు కండ్లు మసకలైనప్పటి సంది నాకిచ్చింది. "పెద్దదాని చేతుల పెడ్తే దేవుని కాడ పెట్టినట్టే" అని నలుగురి ముందట అనేది. ఆ మాట నేను మందు లెక్క మింగేదాన్ని. కన్యక ముందటికెంచి పోయేటప్పుడు గుత్తి జర చప్పుడయేటట్టు నడిచేదాన్ని.

కన్యక చేతికి ఎందుకు ఇయ్యలేదో ఇంట్ల అందరికీ తెలుసు. ఆమె కాపురానికొచ్చిన కొత్తల ఆమె తమ్ముడు సిద్ధయ్య మిరుదొడ్డికెంచి వచ్చి ఒక పూట ఉండిపోయిండు. ఆయన పోయినంక ఎండి గంధం గిన్నె కనబడలె. ఎవలూ ఎవలినీ ఏమనలె. మా అత్త అర్రంత వెతికి, మంచం మీద కూసొని, "పోనీ, మనకు ప్రాప్తం లేదు" అన్నది. అనుకుంట కన్యక దిక్కు చూసింది. అంతే. ఆ గిన్నె ఏమైందో నాకు ఇయ్యాల్టికీ తెల్వదు.

మాఘమాసంల కొమురెల్లి మల్లన్న జాతరకు పోదామన్నరు. మల్లన్న మా అత్తగారింటి ఇలవేలుపు. నేను కాపురానికొచ్చిన కొత్తల పోయిన, గంతే, మల్ల పోలె. ఈపారి మా అత్తనే నోరు తెరిచి, "పెద్దకోడల్ని సుత తోలుకపోదాం" అన్నది. నేను రోకలి ఇడిసిపెట్టి చూసిన. మరి ఇంట్ల ఎవలుంటరు అని నేనే అడిగిన, అలవాటు చొప్పున. "కాశయ్య మామను పిలిపిస్త, ఒక్క దినం కూసుంటడు" అన్నడు మా ఆయన. కాశయ్య మా అత్త తమ్ముడు. వచ్చిండు, మంచం వాకిట్ల ఏసుకొని చుట్ట ముట్టిచ్చిండు. ఆయనకు మంచినీళ్ళు, తమలపాకులు, మధ్యాన్నం బువ్వ అన్నీ సర్ది పెట్టి పోవాల్సొచ్చింది. ఇంట్ల కూసునుడు మొగోనికైతే ఇంత సేవ ఉంటదా అనుకున్న గని, ఆ దినం నాకు కోపం రాలె. నీలం పట్టుచీర కట్టుకున్న. పెట్టెల మడతల కాడ రంగు దిగింది, దాన్ని కుచ్చెళ్ళల్ల దాచిన. అద్దంల మొఖం చూసుకొని, కన్యక పక్కన ఎట్ల కనబడ్తనో అనుకున్న.

మోటార్ల మొగోళ్ళు ముందట, మేం ముగ్గురం ఎనుక. అత్త ఒక దిక్కు, కన్యక కిటికి దిక్కు, నడుమ నేను, నా ఒళ్ళె సద్ది గిన్నెలు. మోటారు కదిలినప్పుడు కన్యక నా చెవి కాడికొచ్చి, "అక్కా, ఇటు రాండ్రి, కిటికి కాడ కూసోండ్రి. గాలొస్తది" అన్నది. నా పానం కొట్టుకున్నది. "నాకెందుకు, నువ్వు అలవాటైనదానివి, నువ్వే కూసో" అన్న. అన్నంక కొండపాక దాటేదాక ఆ మాటకు నన్ను నేనే తిట్టుకున్న. ఆమె భుజం మీదికెంచి చెట్లు, ఎడ్లబండ్లు, పసుపు పూసుకొని నడుస్తున్న జనం ముక్కలు ముక్కలుగ కనబడ్డరు. నా వంతుకు గవే వచ్చినయి.

కొండ కింద జనం. ఒగ్గు డోళ్ళు కొడుతున్నరు, గజ్జెలు మోగుతున్నయి, గాలంత బండారి పసుపు. నా కాళ్ళు చిన్నపిల్ల కాళ్ళ లెక్క అయినయి. దిగుదామని గిన్నెలు పక్కన పెట్టిన. అప్పుడు మా మరిది దర్వాజ కాడికొచ్చి, "వదినె, మీరు గీడ్నే కూసోండ్రి" అన్నడు.

"ఎందుకు?"

"ఈ దిక్కు అద్దం ఎక్కుతలేదు, తలుపు తాళం సుత పడుతలేదు. పోయిన ఆదివారం గీడ్నే ఒక షావుకారు మోటార్లకెంచి సామానంత లేపిన్రట. మనిషుంటే ఎవలు చెయ్యి పెట్టరు."

నేను మా ఆయన దిక్కు చూసిన. ఆయన ధోతి కొంగు సర్దుకుంటుండు. "అందుకే గద నిన్ను తోలుకొచ్చింది" అన్నడు, తెలిసిన ముచ్చటనే మల్ల గుర్తుచేసినట్టు. ఆయన గొంతుల కోపం లేదు, ఎక్కిరింపు లేదు. ఉంటే బాగుండు.

"ఇంటి దేవుడే గదనే. గీడికెంచి దండం పెట్టుకున్నా అందుతది" అన్నది మా అత్త. పూజ సామాను తీసుకున్నరు. మా అత్త నీళ్ళు తాగే ఎండి చెంబు, సద్ది గిన్నెలు, శాలువలు నా పక్కన పెట్టిన్రు. పోయిన్రు. కన్యక ఒక్కపారి ఎనుకకు తిరిగి చూసింది. ఎర్రటి ఎండల ఆమె పచ్చచీర జనంల కనబడుకుంట, మాయమైకుంట పైకి ఎక్కింది. నేను ఆ చీర కొంగును కండ్లతోని పట్టుకొని ఎంతదూరం పోగలనో అంతదూరం పోయిన. ఆమె కాలు జారితే బాగుండు అనుకున్న. మల్లన్నా, ఒక్కపారి ఆమెను ఈడ కూసోబెట్టు, నన్ను ఆడ నిలబెట్టు అని మొక్కిన. దేవుని ముందటికి పోకుంట దేవున్ని అడిగిన మొక్కు అది. పసుపు పూసుకున్న మొగోళ్ళు, నెత్తిన బోనాలు పెట్టుకున్న ఆడోళ్ళు మోటారు కిటికి పక్కకెంచి పోవుకుంట నన్ను లోపటికి వంగి చూసిన్రు. ఒక చిన్నపిల్ల, "అవ్వా, గామెను లోపట పెట్టి పోయిన్రా?" అని వాళ్ళ తల్లిని అడిగింది.

కొంతసేపటికి కన్యక కొండ దిగుకుంట వచ్చింది. ఆమె ఎనుక జర దూరంల మా మరిది. కండ్లు తిరుగుతున్నయని చెప్పిందట, నీడకు తోలుకపొమ్మని మా అత్త పంపిందట. కన్యక లోపటికొచ్చి నా పక్కన కూసున్నది. హరికిషన్ చెట్టు కింద నిలబడి బీడీ తీసిండు.

"కండ్లు తిరుగుతున్నయా?" అన్న. నా గొంతు నాకే గరుకుగ ఇనబడ్డది.

"లేదక్కా. ఉత్తగనే చెప్పిన." కొంగుతోని మొఖం తుడుచుకున్నది. "మీరు అదృష్టవంతులక్కా."

ఎక్కిరిస్తుందనుకున్న. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "ఏం అదృష్టమే? దేవుని కాడికి వచ్చి మోటారుకు కావలి కూసున్న."

"మిమ్ములను ఒక్కదాన్నే కూసోబెట్టి పోయిన్రు గద. మీ మీద నమ్మకంతోని పోయిన్రు. నన్ను ఎన్నడన్న గట్ల ఇడిసిన్రా?" ఆమె గొంతు తగ్గించింది. "మీరు పక్కింటికి పోయినా నన్ను అర్రల ఒక్కదాన్ని ఉండనియ్యది అత్తమ్మ. తలుపు కాడ కూసుంటది. మా తల్లిగారింటికి పోయేటప్పుడు నా పెట్టె తెరిచి చీర చీర దులిపి చూస్తది. మీరు నీళ్ళకు పోయినప్పుడు చూస్తది, అందుకే మీకు తెల్వదు. నన్ను మోటార్ల తిప్పుతుండనుకుంటున్నరా? ఇంట్ల ఇడిసిపెట్టే ధైర్యం లేక ఎంట తోలుకపోతుండు. హైదరాబాదు ఎట్లుంటదని మీరు అడిగిన్రు చూడు, నేను చూసింది ఒక అర్ర అక్కా. ఆయన పనికి పోవుకుంట బయట గొళ్ళెం పెట్టి పోతడు. ఊరు కాని ఊరు, పాపం పెండ్లానికి భయమైతదని చెప్తడు అందరికీ. కిటికి తెరిస్తే ఎదురుంగ గోడ. ఆ గోడ ఎట్లుంటదో చెప్పుమంటే చెప్త."

నేను ముందుగాల నమ్మలె. నా మంటను సల్లార్పనీకె అల్లి చెప్తుందేమో అనుకున్న. గని ఆమె మోటారు దిగుడు గుర్తొచ్చింది. ఎటూ చూడకుంట లోపటికి నడిచేది, పొగరని నేననుకున్న నడక. వాకిట్ల ఎవలన్న తన చేతుల దిక్కు చూస్తరేమోనని తలకాయ ఎత్తకపోయేదా? నాకు జాలి కలిగిందని చెప్తే అబద్ధమైతది. నా కింద పీట లాగేసినట్టైంది. ఇన్ని దినాలు ఎవలిని చూసి కుమిలిపోయిన్నో ఆమె కాడ ఏమీ లేదు. నా కాడ ఏమీ లేదు. ఇద్దరి నడుమ ఇంత మంట ఉత్తగనే మండింది.

"మీ నడుముకున్న తాళాలు చప్పుడైతే నాకు కడుపుల మండేదక్కా" అన్నది కన్యక, కింద చూసుకుంట.

ఆ చప్పుడు నేను కావాలని చేసేదాన్నని చెప్పలేకపోయిన. దర్వాజ తెరిచి దిగిన. పట్టుచీర సర్దుకున్న.

"కన్యకా, నువ్వు మోటారు చూస్తుండు. నేను పోయొస్త."

ఆమె మొఖం ఎట్లయిందంటే, నేను ఏదో సొమ్ము ఆమె మెడల ఏసినట్టైంది. హరికిషన్ బీడీ పారేసి ఉరికొచ్చిండు. "వదినె, యాడికి? ఆమెను ఒక్కదాన్ని ఇడిసి ఎట్ల పోతరు? అమ్మ ఊకోదు."

"ఎందుకూకోదు?" అన్న.

ఎందుకో అందరికీ తెలుసు గని ఎవలూ నోటితోని అనని మాట అది. "నువ్వుంటివి గద మరిదీ, నీ పెండ్లాన్ని నువ్వే చూసుకో" అన్న. జనంల కలిసిపోయిన.

కొండెక్కిన. ఎవలో నా మీద బండారి చల్లిన్రు. ఎవలో తోసిన్రు, ఎవలో పట్టుకున్నరు. డోలు చప్పుడు నా రొమ్ముల కొట్టింది. ఒగ్గాయన కథ చెప్తుంటే ఆడోళ్ళ నడుమ కూలబడి ఇన్న. నా పక్కన కూసున్న ముసలామె, "ఏ ఊరు బిడ్డా, ఎంట ఎవలచ్చిన్రు?" అన్నది. "ఎవలు లేరు" అన్న. ఆ మాట తియ్యగుండె. దర్శనం వరుసల మావాళ్ళు యాడున్నరో వెతుకలె. దేవుని ముందట నిలబడ్డప్పుడు ఏమడగాలో తోచలె. కొద్దిసేపటి కింద మొక్కిన పాడు మొక్కు తీరినందుకు సిగ్గయ్యి, దండం పెట్టి వచ్చిన. తొందరపడి దిగలె.

కిందికొచ్చేసరికి మా అత్త, మా ఆయన మోటారు కాడ ఉన్నరు. మా ఆయన పటపట పండ్లు కొరుకుతుండు. జనం చూస్తరని ఒర్రకుంట, ఎక్కుమని చెయ్యూపిండు.

దీపాలు పెట్టే యాళ్ళకు ఇల్లు చేరినం. కాశయ్య మామ కండువ దులిపి పోయిండు. సామాను దించుకొని గిన్నెలు తీస్తుంటే మా అత్త ఎండి చెంబు లేదు. ముందుగాల నేనే చూసిన. శాలువలు దులిపిన. మోటార్లకు పోయి సీటు కింద చెయ్యి పెట్టి చూసిన. లేదు. మా అత్త నా ఎనుకనే నిలబడ్డది, మసక కండ్లకు సుత లేని చెంబు మంచిగ కనబడ్డది.

"హరికిషన్, నువ్వు మోటారు కాడ్నే ఉంటివా?"

"ఉన్ననమ్మా. గజ్వేలు ఆయన ఒకడు కలిస్తే జర అటు పోయిన, గంతే" అన్నడు మా మరిది.

అందరి కండ్లు కన్యక మీదికి పోయినయి. ఆమె గోడకు ఆనుకొని నిలబడ్డది. ఆమె మొఖంల భయం లేదు, దిద్దుకొని చెప్పే మాట లేదు. ఇది నాకు తెలిసిందే అన్నట్టుండె. జనంల ఎవలో కిటికిలకెంచి చెయ్యి పెట్టి తీసిన్రా, ఆమె తమ్ముడు సిద్ధయ్య జాతరకొచ్చిండా, ఆమెనే తీసి కొంగుల కట్టుకున్నదా, నాకు తెల్వదు. ఆమెనే తీసి ఉంటే ఆ గుండెధైర్యానికి మల్ల కుళ్ళుకుందును.

"పెట్టె తెరువు. కొంగు దులుపు" అన్నది మా అత్త.

"చెంబు నేనిచ్చిన" అన్న.

మా ఆయన నా దిక్కు తిరిగిండు. "ఏందీ?"

"కొండ మీద ఒక ముసలామెకు దూపైతుంటే నీళ్ళు పోసిన. చెంబు సుత ఆమెకే ఇచ్చిన."

హరికిషన్ నన్ను చూసిండు. నేను ఉత్త చేతులతోని కొండెక్కింది ఆయన కండ్లతోని చూసిండు. అయినా బీడీ కట్ట జేబుల వెతుక్కున్నడు.

"ఎండి చెంబు ఇచ్చినవా? ఎవలినడిగి ఇచ్చినవే?" మా ఆయన గొంతు పెద్దదైంది.

"నా ఇంటి చెంబు నేనిస్తే ఎవలినడగాలె?"

"నీ ఇల్లా?" అన్నది మా అత్త. కోపంతోని సుత అనలె, ఎన్నడు ఇనని మాట ఇన్నట్టన్నది. "నీ ఇల్లు ఎప్పట్నుంచైంది?"

"నాది కాదా అత్తమ్మా? మరి ఇన్నేండ్ల సంది ఎవలింటికి కావలి కాసిన?"

మా ఆయన నా నోటి దిక్కు చూసిండు. పెండ్లైనప్పటి సంది అంతసేపు నన్ను చూసిన యాది లేదు. చివరికి మా అత్త చెయ్యి చాపి, "ఆ గుత్తి ఇటియ్యి" అన్నది. విప్పి ఇచ్చిన. దేవుని కాడ పెట్టినట్టే అన్న మాట సుత గుత్తితోనే పోయింది. ఇంట్ల ఇగ ఇద్దరు దొంగలం.

తెల్లారి మిరుదొడ్డికి పోయే కచ్చురం బండి ఒకటి మా బజార్లకెంచి పోతుందని బుచ్చవ్వ చెప్పింది. కన్యకను తల్లిగారింటికి తయారుగమ్మన్న. ఆమె పెట్టె తీస్తుంటే ఒద్దన్న, రెండు చీరలు గుడ్డల కట్టుమన్న. ఆమె ఎంట పోనీకె నేను సుత మూట కట్టుకున్న. తాళాల గుత్తి నడుముకు చెక్కుకొని మా అత్త మంచం మీద ఒళ్ళు నొప్పులని పండుకున్నది. మా మరిది పొద్దున్నే మోటారేసుకొని ఎటో పోయిండు. మా ఆయన దుకాణానికి పోనీకె చెప్పులేసుకొని దర్వాజ కాడ నిలబడ్డడు. పోతే అమ్మ ఒక్కతే అయితది, ఉంటే దుకాణం తెరిచేటోళ్ళు లేరు. చెప్పులిడిసిండు, మల్ల ఏసుకున్నడు.

"ఎన్నడొస్తవ్?" అని అడిగిండు. ఎవలినడిగి పోతున్నవ్ అని అడుగలె.

"ఇల్లు నాదో కాదో మీరు ఆలోచన చేసి కబురు పెట్టుండ్రి. అప్పుడు చెప్త" అన్న.

కచ్చురం కదిలింది. ఊరు దాటినంక కన్యక ముసుగు తీసి నెత్తికి గాలి తాకనిచ్చింది. మిరుదొడ్డి ఇంకా చానా దూరమున్నది గని, అప్పట్నుంచే మెడ సాపి చూస్తుంది. వాళ్ళమ్మ ఇంటి ముందట నిలబడి ఉంటదట. కబురు లేకున్నా ఆమెకు తెలుస్తదట. నాకు తల్లి పోయి ఏండ్లైంది, నాకోసం వాకిట్ల నిలబడేటోళ్ళు ఏ ఊర్లనూ లేరు. నా కడుపుల మల్ల అదే మంట లేచింది. అలవాటైన మంట. ఎప్పటి లెక్క మింగుదామని చూసిన. మింగలె.

"కన్యకా, నాకు నీ మీద మస్తు కుళ్ళుగున్నదే" అన్న.

ఆమె నా దిక్కు తిరిగి, నవ్వి నా చెయ్యి పట్టుకున్నది. "చెప్పుండ్రి అక్కా" అన్నది. "ఎప్పట్నుంచో మొదలుపెట్టి చెప్పుండ్రి. తొవ్వ చానా ఉన్నది."